చిన్న బడ్జెట్‌లో 32 అంగుళాల టీవీ: షాపులో అన్నీ ఒకేలా కనిపిస్తుంటే ఏది మంచిదో ఎలా పట్టుకోవాలి?

ఊళ్ళో నాన్నగారికి 32 అంగుళాల టీవీ కావాలి, 12 వేలు దాటకూడదు, షాపుకెళ్తే గోడ మీద పది టీవీలూ ఒకేలా మెరుస్తున్నాయి అన్నారు కదా. అలా మెరవాలనే పెడతారండీ. ప్రతి టీవీనీ రంగులు మరీ ముదురుగా చూపించే వివిడ్ మోడ్‌లో, బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే లైటు) నూటికి నూరు పెట్టి, చిలకలూ పూలూ జలపాతాలూ ఉన్న వీడియో తిప్పుతుంటారు. ఆ వీడియోలో ఏ డొక్కు టీవీ అయినా బాగానే ఉంటుంది. మీ నాన్నగారు చూసేది చిలకల్ని కాదు, వార్తలూ సీరియళ్ళూ పాత సినిమాలూ. కాబట్టి వాటితోనే పరీక్షించాలి.

నేను ఈ విషయంలో ఒకసారి బాగా దెబ్బ తిన్నాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మకని, ఎప్పుడూ పేరు వినని కంపెనీ టీవీ ఒకటి చవగ్గా వస్తోందని కొన్నాను. షాపులో ఎదురుగా నిలబడి చూస్తే బొమ్మ కళకళలాడింది. ఇంట్లో ఏమో టీవీ గూట్లో, మనిషి ఎత్తున ఉంటుంది, అమ్మ కింద చాప మీద కత్తిపీట ముందేసుకుని కూరలు తరుక్కుంటూ చూస్తుంది. రెండు వారాల తర్వాత వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటే గానీ సంగతి తెలియలేదు. వార్తలు చదివే అమ్మాయి మొహం నల్లగా, జుట్టు బూడిదరంగులో, అచ్చం పాత ఫొటో నెగటివ్‌లా ఉంది. అదేంటమ్మా చెప్పలేదు అంటే, "కొత్త టీవీలు ఇలాగే ఉంటాయేమో అనుకున్నాన్రా" అంది. చివరికి టీవీ వెనక చెక్కముక్క పెట్టి ముందుకు వంచితే కొంత నయమైంది.

అందుకే నా మొదటి సలహా, షాపులో కింద కూర్చుని చూడండి. నవ్వితే నవ్వనీయండి. మీ నాన్నగారి మంచం టీవీకి ఏ పక్కన ఉంటుందో గుర్తు తెచ్చుకుని ఆ కోణంలోంచీ చూడండి. ప్యానెల్ అంటే బొమ్మ చూపించే తెర, అందులో రకాలుంటాయి. ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్కనుంచి కూడా రంగులు నిలుస్తాయి, కానీ నలుపు కాస్త బూడిదగా ఉంటుంది. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది, పక్కకి జరిగితే మాత్రం రంగులు వెలిసినట్టు అవుతాయి. ఏది ఉందో చాలా బాక్సుల మీద రాయరు, సేల్స్ అబ్బాయిని అడిగినా అన్నిటికీ "మంచి ప్యానెల్ సార్" అనే అంటాడు, కాబట్టి మీ కళ్ళనే నమ్ముకోవాలి.

రెండోసారి కొనేటప్పుడు జేబులో పెన్‌డ్రైవ్ పెట్టుకెళ్ళాను. అందులో ఒక వార్తల క్లిప్పు, ఒక పాత నలుపు తెలుపు సినిమా ముక్క, పూర్తి తెల్లటి బొమ్మ ఒకటి, పూర్తి నల్లటి బొమ్మ ఒకటి. ముందు రిమోట్ తీసుకుని పిక్చర్ మోడ్ స్టాండర్డ్‌కి మార్చమనండి, ఆ తర్వాతే చూడండి. వార్తల క్లిప్పులో యాంకర్‌ని వదిలేసి కింద పరిగెత్తే స్క్రోలింగ్ చూడండి. "రాష్ట్ర" అన్న మాటలో ట వత్తూ, కింద ర వత్తూ విడివిడిగా కనబడుతున్నాయా, లేక అలుక్కుపోయి మసి పూసినట్టు వెళ్తున్నాయా? చవక ప్యానెల్ ఇక్కడ దొరికిపోతుంది, క్రికెట్‌లో బంతి వెనక తోక కనబడేదీ ఇలాంటి వాటిలోనే. నలుపు తెలుపు సినిమా దేనికంటే, అందులో అసలు రంగే ఉండకూడదు కాబట్టి. తెల్ల పంచె నీలంగా కనిపిస్తే కలర్ టెంపరేచర్ అనే సెట్టింగ్‌ని వార్మ్‌కి మార్చి చూడండి, అప్పటికీ పోకపోతే ఆ టీవీ వద్దు. తెల్లటి బొమ్మలో మూలల్లో నీడలూ, మధ్యలో మరకలూ, చుక్కలూ తెలుస్తాయి. నల్లటిది షాపు లైట్లలో తేలదు, ఇంటికొచ్చిన మొదటి రాత్రే దీపాలార్పి చూసుకోండి, ఆన్‌లైన్‌లో కొంటే మార్చుకునే గడువు కొద్దిరోజులే ఉంటుంది.

బాక్స్ మీద "4కే సపోర్ట్" అని ఉంటే మోసపోకండి. ఈ ధరలో వచ్చేవి చాలావరకు హెచ్‌డీ రెడీ, అంటే 1366 అడ్డం, 768 నిలువు, మొత్తం పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో 20 లక్షల పైన, అసలైన 4కేలో దాదాపు 83 లక్షలు. 4కే వీడియో లోపలికి తీసుకున్నా చూపించేది ఆ పదిన్నర లక్షల్లోనే. ఆరేడు అడుగుల దూరం నుంచి 32 అంగుళాలకి హెచ్‌డీ రెడీ చాలు, పెద్దాయన కళ్ళకి మరీనూ. మామూలు కేబుల్ బాక్స్‌ని పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో తగిలించి బొమ్మ బాలేదని టీవీని తిట్టేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీఎంఐ వైరూ పెట్టి చూడాలి ముందు.

ఇంకో మాట, "జీఎస్టీ తగ్గింది కాబట్టి ఈ రేటు" అని ఎవరైనా 32 అంగుళాల టీవీ చూపిస్తే నవ్వి ఊరుకోండి. 32 వరకూ 2019 జనవరి నుంచే 18 శాతం. 2025 సెప్టెంబరులో 28 నుంచి 18కి దిగింది అంతకన్నా పెద్దవాటికి.

ఇక బ్యాక్‌లైట్. అమ్మ టీవీకి పద్నాలుగో నెలలో మాట వస్తోంది, బొమ్మ లేదు. వారంటీ ఏడాదే, కంపెనీ నంబరుకి చేస్తే మోగేది కాదు. ఊళ్ళో మెకానిక్ తలుపులు మూసి, తెరకి దగ్గరగా టార్చి వేసి "ఇదిగో చూడండి" అన్నాడు, ఆ వెలుగులో సీరియల్లో ఎవరిదో మొహం లీలగా కదులుతోంది. అంటే ప్యానెల్ బానే ఉంది, వెనక ఎల్‌ఈడీ పట్టీ పోయింది. పెళ్ళిళ్ళకి కట్టే సీరియల్ లైట్లలా అవి వరుసగా ఉంటాయి, ఒకటి పోతే వరసంతా ఆరిపోతుంది. పదిహేను వందలు తీసుకుని పట్టీలు మార్చాడు, "నూరులో పెట్టకండి, అరవైకి దించండి, వేడి తగ్గుతుంది" అని చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచీ అలాగే ఉంచాం, ఇంకా నడుస్తోంది. మీరు కొనే ముందే ఆ కంపెనీకి మీ దగ్గర్లోని టౌన్‌లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, ఎవరైనా ఎత్తుతారో లేదో కూడా తెలుస్తుంది.

సౌండ్ గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, సన్నటి టీవీలో స్పీకర్లు కిందకి చూస్తుంటాయి. వాల్యూమ్ 70కి పెంచి వెనక ప్లాస్టిక్ గరగరలాడుతోందేమో, మాట స్పష్టంగా ఉందేమో వినండి, ఎన్ని వాట్లని రాశారో పట్టించుకోకండి. స్మార్ట్ సంగతికొస్తే, గూగుల్ టీవీ అని అధికారికంగా ఉన్నది చూసుకోండి, ఊరికే "ఆండ్రాయిడ్" అని రాసినవాటిలో కొన్ని యాప్‌లు పనిచేయవు. ప్లగ్ తీసి మళ్ళీ పెట్టించి యూట్యూబ్ తెరుచుకోడానికి ఎంతసేపు పడుతుందో చూడండి, రిమోట్ నొక్కిన రెండు సెకన్లకి కదిలితే నాన్నగారు మళ్ళీ మళ్ళీ నొక్కి చివరికి మీకే ఫోన్ చేస్తారు.

ఊళ్ళో కేబులా, డిష్షా, గోడకి బిగిస్తారా బల్ల మీద పెడతారా చెప్పండి. గోడకే అయితే కిందకి వంచుకునే స్టాండ్ అడగండి, చాలాచోట్ల ఊరికే ఇచ్చేది వంగదు.