శాన్ ఆంటోనియోలో ఉంటున్న యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఉద్యోగం చేసుకుంటూనే, సెలవు రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని, అక్కడి లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) సమాజాల చరిత్రను మన పాఠకులకు చెప్పాలని పూనుకున్నందుకు నిజంగా సంతోషించాను. ఆ శ్రద్ధ మీద గౌరవం ఉంది కనుకనే, మార్చవలసినవి ఏమిటో దాచకుండా రాస్తున్నాను.

మొట్టమొదట మారవలసింది మొదటి వాక్యమే. "మనలాగే వాళ్ళూ పొట్ట చేతపట్టుకుని అమెరికాకు వచ్చినవాళ్ళే" అన్నావు. చాలా కుటుంబాల విషయంలో అది నిజమే గానీ, నువ్వు ఉంటున్న ఊరి చరిత్రకు ఆ వాక్యం సరిపోదు. శాన్ ఆంటోనియో 1718లో స్పెయిన్ పాలనలో వెలిసిన ఊరు; అప్పటికి అమెరికా సంయుక్త రాష్ట్రాలనే దేశమే లేదు. ఆ నేల 1821లో మెక్సికోది అయింది, 1836లో విడిపోయి టెక్సాస్ గణతంత్రం అయింది, 1845లో అమెరికాలో కలిసింది. ఆ 1836 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన హోసే ఆంటోనియో నవారో ఆ ఊళ్ళోనే పుట్టినవాడు. 1848లో గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో వంటి ప్రాంతాలు కూడా మెక్సికో నుంచి అమెరికా చేతికి వచ్చాయి. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని అక్కడివాళ్ళు అనే మాట వెనుక ఉన్నది ఈ చరిత్రే. అయితే, స్పానిష్ వాళ్ళకంటే ముందు ఆ నేల మీద బతికిన కోవాహుయిల్తెకన్ తెగల ప్రజలను మరచిపోకు. ఈనాడు యాత్రికులు చూసే మిషన్ల (స్పానిష్ క్రైస్తవ మత కేంద్రాల) గోడలు లేపినదీ, కాలువలు తవ్వినదీ చాలావరకు ఆ చేతులే.

కాలువల సంగతి నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో తేలిపోయింది. నాకు అక్కడ ఆగాలనిపించింది. 1740ల ప్రాంతంలో ఎస్పాదా మిషన్ కోసం ఒక వాగు మీదుగా రాతి కమానులు కట్టి, వాటి పైనుంచి నీళ్ళు పారించారు. అది నేటికీ నిలిచి ఉంది. ఇలాంటి కాలువను అసెకియా అంటారు. న్యూ మెక్సికో పల్లెల్లో అసెకియా నీళ్ళ వంతులు చూసే మనిషిని మయోర్డోమో అంటారు. మన తెలంగాణ చెరువుల కింద నీరటి చేసే పనికి అది దగ్గరి పని. నేను మొదటిసారి ఒక చెరువు చరిత్ర రాసినప్పుడు రికార్డులన్నీ తిరగేశాను, కానీ తూము తీసే నీరటిని ఒక్క మాటైనా అడగలేదు. ఆ పుస్తకంలో తేదీలన్నీ ఉన్నాయి, నీళ్ళు మాత్రం లేవు. నువ్వు ఆ కాలువ గట్టున ఒక పూట నడిచి వచ్చి, తరువాత ఆ పేరా రాయి.

"లాటినో" అనే మాటను కూడా జాగ్రత్తగా వాడు. 1917 నుంచి అమెరికా పౌరులైన ప్యూర్టో రికో వాళ్ళ న్యూయార్క్ జీవితం వేరు. ఫ్లోరిడాలోని ఈబోర్ సిటీలో చుట్టలు చుట్టిన క్యూబన్ కార్మికుల కథ వేరు. వాళ్ళు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని ఒక చదువరిని పెట్టుకునేవారు. పొగాకు చుడుతుంటే ఆయన ఎత్తయిన పీట మీద కూర్చుని పత్రికలూ నవలలూ పైకి చదివి వినిపించేవాడు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి అది. అయినా నీ వ్యాసంలో దానికి చోటు లేదు. నువ్వు దక్షిణ టెక్సాస్‌ను మాత్రమే పట్టుకో. మిరపకాయ మెక్సికో నుంచి గుంటూరు దాకా వచ్చిన వైనం మీద రాసిన పేరా కూడా తీసెయ్యి. అది వేరే వ్యాసానికి పనికివస్తుంది.

ఇక కొరిడోల గురించి, అంటే జరిగిన కథను చెప్పే మెక్సికన్ పాటల గురించి. వాటిని "మెక్సికన్ల బుర్రకథ" అన్నావు. పాఠకుడికి సులువుగా అర్థం కావాలని అన్నావని తెలుసు, కానీ ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. బుర్రకథకు ముగ్గురు కావాలి, మధ్యలో వచనం, హాస్యం, వంత ఉంటాయి. కొరిడోకు ఒక గొంతు, ఒక గిటారు చాలు. నాలుగేసి చిన్న పాదాల చరణాల్లో, తరచు ఊరి పేరూ తేదీతో మొదలై, చివర గాయకుడు సెలవు తీసుకోవడంతో ముగుస్తుంది. పేరు మార్చకుండా, అది ఎలా ఉంటుందో చెప్పు.

గ్రెగోరియో కోర్టెజ్ కొరిడోను నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నా దృష్టిలో నీ వ్యాసానికి గుండెకాయ అదే. 1901 జూన్ 12న టెక్సాస్‌లోని కార్న్స్ కౌంటీ షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, ఒక గుర్రపు దొంగను వెతుకుతూ మెక్సికన్ రైతు కోర్టెజ్ ఇంటికి వచ్చాడు. వెంట వచ్చిన దుబాసీకి స్పానిష్ అంతంతమాత్రం. ఈ మధ్య "కబాయో" (మగగుర్రం) ఏమైనా మార్పిడి చేశావా అని అడిగితే, కోర్టెజ్ లేదన్నాడు. అతడు మార్పిడి చేసినది "యెగ్వా", అంటే ఆడగుర్రం. మన పాత తెలుగులో గోడిగ అనేవారు. అతడు చెప్పినది అక్షరాలా నిజం, దుబాసీ అందించినది అబద్ధం. క్షణాల్లో తుపాకులు పేలాయి. కోర్టెజ్ అన్న గాయపడ్డాడు, షెరీఫ్ ప్రాణం పోయింది. ఆ తరువాత పది రోజుల పాటు వందల మంది వెంటాడుతుండగా అతడు గుర్రాల మీదా కాలినడకనా సరిహద్దు వైపు సాగి, లారెడో దగ్గర పట్టుబడ్డాడు. 1913లో గవర్నర్ క్షమాభిక్షతో విడుదలయ్యాడు. ఈ కథనే జనం పాటగా పాడుకున్నారు; వాళ్ళ నోట కార్న్స్ కాస్తా "కార్మెన్" అయిపోయింది. ఈ పాట పాఠాలను సేకరించి, దాని వెనుక చరిత్రను తవ్వి, జానపద పరిశోధకుడు అమెరికో పరేదెస్ 1958లో పుస్తకం వెలువరించాడు. సరిహద్దు జానపదాల అధ్యయనానికి దారి వేసిన పుస్తకం అది. నువ్వు రోజూ రెండు భాషల మధ్య మసలే మనిషివి. ఒక్క మాట తేడాతో ఒక మనిషి జీవితం ఎలా తలకిందులైందో నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

పెకాన్ (అక్రోటు లాంటి గింజ) వలిచే కార్మికుల సమ్మె భాగం బాగా రాశావు, కానీ విజయం దగ్గర ఆపేశావు. 1938 జనవరి 31న శాన్ ఆంటోనియో పడమటి పేటల్లో దాదాపు 12,000 మంది, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళు, పని మానేసి బయటికి వచ్చారు. పౌనుకు ఆరేడు సెంట్లున్న కూలిని ఒక సెంటు తగ్గించడం అందుకు తక్షణ కారణం. గాలి ఆడని గదుల్లో బల్లల ముందు వరుసగా కూర్చుని, గింజ చిట్లకుండా పైపెంకు వలుస్తూ, గోధుమరంగు దుమ్ము పీల్చుతూ బతికిన మనుషులు వాళ్ళు. ఆ పేటల్లో క్షయ విపరీతంగా ఉండేది. ముందుకు నడిపిన ఎమ్మా తెనయూకాకు అప్పటికి 21 ఏళ్ళు. కూలి తగాదా మధ్యవర్తుల ద్వారా తేలింది నిజమే. కానీ అదే ఏడాది గంటకు 25 సెంట్ల కనీస వేతన చట్టం రాగానే, మనుషుల కంటే యంత్రాలే చవక అని యజమానులు యంత్రాలు దించారు, వేలమందికి పని పోయింది. తెనయూకా ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఎన్నో ఏళ్ళకు తిరిగి వచ్చి అక్కడే బడిపంతులమ్మగా పనిచేసింది. ఇదంతా రాయి, సమ్మె విలువ దానివల్ల తగ్గదు.

చివరిగా, నువ్వు తరచు వెళ్ళే తెలుగు హోటల్లో దోసెలు పోసే మెక్సికన్ పెద్దాయన గురించి రాసిన పేరా ఉంది కదా, దాన్ని ఉంచు. అయితే ఆయన పేరు, హోటల్ పేరు తీసెయ్యి. మళ్ళీ మాట్లాడినప్పుడు వలస కాగితాల సంగతి ఎత్తకు. ఆయన ఏ ఊరివాడో, వాళ్ళ అమ్మ పెనం మీద ఏం కాల్చేదో, చిన్నప్పుడు ఏ పాట విన్నాడో అడుగు. ఆయనే తన మాటల్లో చెప్పిన స్పానిష్ పేర్లను తెలుగు లిపిలో ఉన్నవి ఉన్నట్టుగా రాసుకుని, అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి ఆయనకు చదివి వినిపించు.

కాలువ పేరా, కోర్టెజ్ పేరా తిరగరాసి పంపితే మిగతాది కలిసి చూద్దాం.

ఆశీస్సులతో.