ఆరా, తొమ్మిదా అని కాదు, రోలర్లు ఉన్నాయా అని అడుగు

కరీంనగర్‌లో చెట్లు కొట్టే పని మొదలుపెడుతున్న తమ్ముడి ప్రశ్న ఇది: కొమ్మలను పొట్టు చేసే చిప్పర్ 6 అంగుళాల మూతిది చాలా, 9 అంగుళాలది కొనాలా? హనుమకొండలో ఎనిమిదేళ్ల నుంచి నాది ఇదే పని. రెండు మిషన్లు కొన్నా. మొదటిది నన్ను ఏడిపించింది, ముందు దాని సంగతి విను.

అది 15 హెచ్‌పీ పెట్రోల్ ఇంజన్‌ది. "ఆరంగుళాల కట్టెను వెన్నలెక్క కోస్తదన్నా" అని అమ్మినాయన డెమో కూడా చూపించాడు. డెమోలో పెట్టింది పచ్చి సుబాబుల్ కర్ర, గీత గీసినట్టు నిటారుగా ఉంది. మన దగ్గర ఏ వేపకొమ్మ అట్లా ఉంటుంది? ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

ఆ మే నెలలో గాలిదుమారానికి సుబేదారిలో ఒక ఇంటి ముందు పెద్ద వేప గేటుకు అడ్డంగా పడింది. కారు బయటికి రాదు. ఇంటాయనకు సాయంత్రం కాజీపేటలో రైలు. మొద్దును రంపం మిషన్‌తో గంటలో కోసేశాం. కట్టె కావాలని వచ్చినవాళ్లు దుంగలన్నీ మోసుకుపోయారు. రొట్ట మాత్రం ఎవరికీ వద్దు, అది ఎప్పుడూ మన నెత్తినే.

చిప్పర్ స్టార్ట్ చేసి కొమ్మ మొదలు లోపలికి పెడితే పంగ దగ్గర ఇరుక్కుంది. ఆ మిషన్‌కు లాగే రోలర్లు లేవు, చేత్తో తోయాలి. మావాడు తోస్తాడు, అది వెనక్కి తంతుంది. ఇంజన్ గుర్రుమని ఆగుతుంది, బెల్టు కాలిన వాసన. ఆపు, మూత తియ్యి, ఇరికింది గుంజు, మళ్లీ స్టార్ట్ చెయ్యి. చివరికి పంగలన్నీ రంపంతో విడగొట్టి పెట్టాం. ఒక్క కొమ్మకు రెండు కూళ్లు.

అంతలో ఠంగుమని చప్పుడు. వీధిలోకి వంగిన కింది కొమ్మకు ఎవరో ట్యూషన్ బోర్డు కోసం కొట్టిన మేకు. బోర్డు ఎప్పుడో పోయింది, మేకు మీదికి బెరడు కమ్ముకుంది. రెండు బ్లేడ్లూ పళ్లు ఊడినట్టయ్యాయి. ఇంటాయన సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని కొమ్మలు దాటి ఆటో ఎక్కాడు. "గొడ్డళ్లు తెచ్చుకున్నా ఈపాటికి అయిపోతుండె గదయ్యా" అన్నాడు పోతూ పోతూ.

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ కావాలి. మేకులు కొట్టేవాళ్లను మాత్రం అడిగేవాడు లేడు. కోచింగ్ సెంటర్లు, టూలెట్ బోర్డులు, రోడ్డు పక్క ఏ చెట్టు చూసినా ఇనుప సామాన్ల దుకాణమే. ఆ రోజు నుంచి నేను రోడ్డు వైపు కొమ్మలను అయస్కాంతంతో తడిమి చూడకుండా మిషన్‌లో పెట్టను.

రెండోది ట్రాక్టర్ పీటీవోకు, అంటే వెనక తిరిగే షాఫ్ట్‌కు, తగిలించే డ్రమ్ మిషన్. బ్లేడ్లు ఆ తిరిగే డ్రమ్‌కే ఉంటాయి. ట్రాక్టర్ ముందే ఉంది, పీటీవో 540 ఆర్‌పీఎమ్, ఇంజన్ ఖర్చు తప్పింది. 9 అంగుళాల మూతి, హైడ్రాలిక్ రోలర్లు. అసలు కిటుకు ఏంటంటే, డ్రమ్ వేగం పడిపోగానే రోలర్లు వాటంతటవే ఆగుతాయి. డ్రమ్ మళ్లీ అందుకున్నాక లాగుతాయి. అందుకే ఇరుక్కోవడం దాదాపు పోయింది. అంగుళాల లెక్క మూతి వెడల్పే తప్ప బలం కాదు. నా పాత మిషన్ రోజంతా ఆడాలంటే మూడంగుళాలే దాని సత్తా, ఎండు తుమ్మ అయితే అదీ లేదు.

బ్లేడ్ల సంగతి ముందే అడుగు. విడి బ్లేడ్లు వారంలో రాకపోతే ఆ మిషన్ వద్దు. పొట్టుకు బదులు నార నారగా వస్తుంటే బ్లేడు మొద్దుబారిందని, లేదా కింది ఇనుప పట్టీకి దానికి సందు పెరిగిందని అర్థం. తాటి, కొబ్బరి మట్టలు పెట్టకు, పీచు షాఫ్ట్‌కు చుట్టుకుంటుంది. మెడలో తువ్వాల ఉన్నవాణ్ని మిషన్ దగ్గరికి రానివ్వకు. ఈ మాటకు మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు, నవ్వనీ.

పొట్టు నర్సంపేట వైపు మామిడి రైతులు అడిగి మరీ తీసుకెళ్తారు. చెట్టు చుట్టూ పైపైన పరవమను. మట్టిలో కలిపితే పచ్చి పొట్టు కుళ్లేటప్పుడు నత్రజని లాగేసుకుంటుంది, తర్వాత నిన్నే తిడతారు.

ట్రాక్టర్ ఉంటే 9 కొను. లేకుంటే 6 అయినా సరే, రోలర్లున్నదే కొను. డెమోకు పోయేటప్పుడు ట్రాలీలో నాలుగు వేప పంగలు, ఒక ఎండు తుమ్మ కొమ్మ వేసుకుని పో. వాళ్లు కర్ర తీస్తే వద్దను.