ఫ్యూజు మారిస్తే పాట మారుతుందా?

ప్రశ్న: మిత్రుడి మాట మీద నా ఆంప్లిఫయర్‌లో మామూలు గాజు ఫ్యూజు తీసేసి, ఖరీదైన ఆడియో ఫ్యూజు వేశాను. 3.15 ఆంపియర్లది దొరక్క 5 ఆంపియర్లది తీసుకున్నాను. గొంతు తేటగా, బేస్ బిగువుగా వినిపిస్తున్నట్టుంది. దాని మీద బాణం గుర్తు ఉంది, తిప్పి పెడితే ఇంకా బాగుంటుందని అంటున్నాడు. నిజమేనా?

జవాబు: శబ్దం సంగతి తర్వాత. ముందు ప్లగ్గు పీకి ఆ 5 ఆంపియర్ల ఫ్యూజు తీసేయండి. పాతది మళ్ళీ పెట్టేదాకా ఆంప్లిఫయర్ ఆన్ చేయకండి. లోపల ఏదైనా పాడైతే 3.15 ఫ్యూజు తెగే చోట ఇది తెగకపోవచ్చు. అప్పుడు ఆ వేడంతా ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీద పడుతుంది. ఆంప్లిఫయర్లు బాగుచేయడమే నా పని. చుట్లు మాడిన ట్రాన్స్‌ఫార్మర్ వాసన ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది మీ ఇంట్లో రాకూడదు.

పాత ఫ్యూజు టోపీ మీద సన్నటి అక్షరాలుంటాయి, వెలుతురుకు పట్టి చూడండి. సాధారణంగా టి, 3.15ఏ, ఎల్, 250వి అని వరసగా ఉంటాయి. టి అంటే నిదానంగా తెగే రకం. స్విచ్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా లాగే కరెంటును అది ఓర్చుకుంటుంది. అదే చోట వేగంగా తెగే ఎఫ్ రకం వేస్తే ఊరికే తెగిపోతుంటుంది. ఎల్ అనేది గాజు ఫ్యూజులది. అది సురక్షితంగా ఆపగల షార్ట్ కరెంటు తక్కువ. ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజుల మీద హెచ్ ఉంటుంది, అవి 1500 ఆంపియర్ల దాకా ఆపగలవు. మీ ఆంప్లిఫయర్ వెనక ఏది రాసి ఉంటే అదే వేయాలి. ఆ గుర్తులు లేని ఫ్యూజుకు బంగారు పూత ఉన్నా సరే, నేను వేయను.

ఇక పాట. మీరు మార్చిన ఫ్యూజు గుండా పాట అసలు వెళ్ళదు. గోడ ప్లగ్గు నుంచి వచ్చే ఏసీ కరెంటు వెళ్తుంది. అది ట్రాన్స్‌ఫార్మర్ దాటి, డయోడ్లలో డీసీగా మారి, పెద్ద కెపాసిటర్లలో నిలవైన తర్వాతే ఆంప్లిఫయర్ దాన్ని వాడుకుంటుంది. ఆ ఏసీ సెకనుకు 50 సార్లో 60 సార్లో అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఇంక బాణం ఎటు చూస్తే ఏముంది? ఫ్యూజు నిరోధం తగ్గుతుందంటారా, 3.15 ఆంపియర్ల ఫ్యూజులో ఉండేదే ఓములో కొన్ని వందో వంతులు. గోడలోని 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్ల దూరం పోయి రావడానికే దాదాపు అర ఓము అవుతుంది.

మీకు తేడా వినిపించిందంటే నమ్ముతాను. కానీ ఆపి, మూత విప్పి, ఫ్యూజు మార్చి, మళ్ళీ ఆన్ చేసేసరికి పాత శబ్దం చెవిలో ఉండదు. వాల్యూమ్ వెంట్రుకవాసి పెరిగినా బాగుందనే అనిపిస్తుంది. ఒకే రేటింగువి రెండూ దగ్గర పెట్టుకుని, పని తెలిసిన మనిషిని మీకు చెప్పకుండా మార్చమనండి. నాణెం ఎగరేసి ఏది పడితే అది, ప్రతిసారీ ప్లగ్గు పీకాకే. వాల్యూమ్ ముట్టుకోవద్దు. 16 సార్లలో 12 సార్లైనా సరిగ్గా చెప్పగలిగితే నాకు రాయండి, ఆసక్తిగా చదువుతాను.

ఒక్క మాట మీ మిత్రుడి వైపు. కొన్ని పాత ఆంప్లిఫయర్లలో స్పీకరుకు వెళ్ళే దారిలోనే ఫ్యూజు ఉంటుంది. అక్కడ పాట దాని గుండానే పోతుంది. గట్టి బేస్‌కు లోపలి తీగ వేడెక్కి చల్లారుతుంటే నిరోధం మారి కొద్దిపాటి డిస్టార్షన్ వస్తుంది, మీటరు మీద కొలవచ్చు. ఖరీదైన ఫ్యూజులోనూ ఉన్నది కరిగే తీగే కాబట్టి ఆ గుణం పోదు. అలాగని ఆ ఫ్యూజు తీసేసి తీగతో కలిపేయకండి, ఏదైనా పాడైతే స్పీకరు కాలిపోవచ్చు. ఇంకో సంగతి, ఫ్యూజు పట్టుకునే క్లిప్పులు నల్లబడి వదులైతే అక్కడ వేడి పుడుతుంది. పాత ఫ్యూజు పెట్టేటప్పుడు వాటినీ చూడండి, వదులుగా ఉంటే హోల్డరు మార్పించండి.

బేస్ బిగువుగా కావాలనుకుంటే స్పీకర్లను గోడకు, మూలకు ఒక అడుగు దూరం జరిపి అదే పాట మళ్ళీ వినండి.