చేపపిల్లల తొట్టిలో బ్యాక్టీరియా అస్సలు లేకుండా చేయాలా?

చిత్తూరు నుంచి ఒకరు అడిగారు. వాళ్ళింట్లో జీబ్రా డానియోలు (చారల చిన్న అక్వేరియం చేపలు) గుడ్లు బాగానే పెడుతున్నాయి, పిల్లలూ బయటికొస్తున్నాయి, మొదటి రెండు మూడు రోజులు గాజుకు అతుక్కుని కనిపిస్తున్నాయి. వారం తిరిగేసరికి మాత్రం సగానికి పైగా అడుగున తెల్లగా పడి ఉంటున్నాయట. తొట్టి బ్లీచింగుతో కడుగుతున్నారు, క్యాన్ నీళ్ళు పోస్తున్నారు, రోజూ నీళ్ళన్నీ మారుస్తున్నారు, తిండిగా కోడిగుడ్డు పచ్చసొన పెడుతున్నారు. అది చాలదన్నట్టు మెడికల్ షాపులో దొరికే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా కలుపుతున్నారు. "బ్యాక్టీరియా ఒక్కటి కూడా మిగలకుండా ఉండాలంటే ఇంకేం వాడాలి?" అన్నది ప్రశ్న.

ఇంకేమీ వాడకండి. వాడుతున్నవి కూడా ఆపేయండి. మీ పిల్లలకు కావలసినవాటినే మీరు రోజూ కడిగి పారబోస్తున్నారని నా అనుమానం.

నేను తిరుపతిలో మేడ మీద తొట్లు పెట్టుకుని డానియోలు, గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు పెంచి ఇక్కడి షాపులకు ఇస్తుంటాను. చదివింది ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ. కాబట్టి కొంత పుస్తకం, కొంత తొట్టి కలిపి చెబుతున్నాను.

ముందు పిల్ల లోపల ఏం జరుగుతుందో చూడండి. గుడ్డు పెంకు లోపల పిండానికి బ్యాక్టీరియా తగలదు. వెచ్చటి నీళ్ళలో డానియో పిల్ల రెండు మూడు రోజులకు బయటికొస్తుంది. వచ్చిన గంటల్లోనే నీళ్ళలో ఉన్నవి ఒంటికి పట్టుకుంటాయి, నోరు తెరుచుకున్నాక పేగులోకి దిగుతాయి. అయిదో రోజుకల్లా పొట్ట కింది పచ్చసొన దాదాపు కరిగిపోతుంది. ఆ తర్వాత బయటి తిండి తిని అరిగించుకుంటేనే బతుకు. అంటే పేగు తయారయ్యే రోజులు, బ్యాక్టీరియా కాపురం పెట్టే రోజులు ఒకటే.

ఆ కాపురం లేకపోతే ఏమవుతుందో ల్యాబుల్లో చేసి చూశారు. గుడ్లను పలుచటి అయోడిన్, బ్లీచుతో కడిగి, యాంటీబయాటిక్ నీళ్ళలో ఉంచి, సూక్ష్మజీవి అన్నదే లేని జీబ్రా పిల్లలను పెంచారు. అమెరికాలో జాన్ రాల్స్, జెఫ్రీ గోర్డన్ బృందం 2004లో, ఆరెగాన్ యూనివర్సిటీలో కారెన్ గిల్లెమిన్ బృందం 2006లో ఈ ఫలితాలు ప్రచురించాయి. గంగా, బ్రహ్మపుత్రల వైపు వాగుల్లో పుట్టిన మన చేప మీద ఇంత పని అక్కడ జరిగింది, అది వేరే సంగతి. సూక్ష్మజీవుల్లేని ఆ పిల్లల పేగు ఎదుగుదల సగంలో ఆగిపోయింది. జిగురు తయారుచేసే కణాలు తగ్గాయి, హార్మోన్లు వదిలే కణాలు తగ్గాయి, పేగు గోడ మీద ఉండాల్సిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పని కనబడలేదు. పేగు చివరి భాగం మాంసకృత్తులను లోపలికి పీల్చుకోలేకపోయింది. తర్వాత బ్యాక్టీరియాను ఇస్తే ఈ లోపాలు సర్దుకున్నాయి. కొవ్వు సంగతీ ఇంతే: పేగులో బ్యాక్టీరియా ఉన్న పిల్లలు తిన్న కొవ్వును ఎక్కువగా పట్టుకుంటాయని 2012లో తేలింది. మీరు పెడుతున్నది గుడ్డు పచ్చసొన అని రాశారు కదా, అందులో కొవ్వు బాగా ఉంటుంది.

నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది 2016 నాటి పరిశోధన. బ్యాక్టీరియా లేని పిల్లల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు పెరగాల్సినంత పెరగలేదు. బెఫ్ఎ అనే ఒక్క ప్రొటీను అందితే పెరిగాయి. ఆ ప్రొటీనును వదిలేది ఏరోమోనాస్ జాతి బ్యాక్టీరియా. చేపలు పెంచేవాళ్ళు ఏరోమోనాస్ పేరు వింటేనే హడలిపోతారు, ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు, పొట్ట ఉబ్బడం అన్నిటికీ దాన్నే తిడతారు. ఆ జాతిలోదే ఒకటి చేపపిల్ల క్లోమానికి మేలు చేస్తోంది. "మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా" అని పేరు చూసి గీత గీయడం కుదరదని నేను అంటుంటాను, దానికి కారణం ఇదే. మెదడు దాకా కూడా వెళ్ళింది ఈ వ్యవహారం: మొదటి వారం బ్యాక్టీరియా లేకుండా గడిపిన పిల్లలు తర్వాత తోటి చేపలతో సరిగ్గా కలవలేదని 2022లో రాశారు.

సరే, మీ తొట్టిలో బ్యాక్టీరియా నిజంగానే లేకుండా పోయిందా అంటే, పోలేదు. ఇంట్లో అది ఎవరి వల్లా కాదు. మీరు చేస్తున్నది సీట్లు ఖాళీ చేయడం. తిరుపతి బస్టాండులో ఖాళీ బస్సు వచ్చి ఆగితే కిటికీలోంచి తువాలు ఎవరు ముందు విసిరితే సీటు వాళ్ళది. కడిగేసిన తొట్టిలో తిండి పడగానే ముందు తువాలు వేసేవి వేగంగా పెరిగే రకాలు, చేపపిల్లలకు రోగాలు తెచ్చేవి ఎక్కువగా వాటిలోనే ఉంటాయి. నెమ్మదిగా పెరిగి నిలకడగా ఉండేవాటికి చోటు దొరకదు. నార్వేలో ఒలావ్ వాడ్‌స్టీన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు సముద్రపు చేపపిల్లల హేచరీల కోసం 1990లలోనే ఈ మాట చెప్పారు. పిల్లలను వదలకముందే నీటిని ఫిల్టరు మీద కొంతకాలం తిప్పి మాగనివ్వమన్నారు.

కార్పు చేపల నర్సరీలు వేసే మన రైతులు కూడా స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లల) ప్యాకెట్లు వచ్చాక గుంట తవ్వుకుని కూర్చోరు. ముందే సున్నం చల్లి, పేడ వేసి, నీళ్ళు రంగు తిరిగాకే వదులుతారు. వాళ్ళు చూసుకునేది ప్లాంక్టన్ కోసం, అంటే నీళ్ళలో తేలుతూ పిల్లలకు తిండి అయ్యే సన్నటి జీవుల కోసం. దాని వెనుక పని చేసేది మాత్రం బ్యాక్టీరియానే.

ఇక మీ తొట్టి. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపల తొట్టిలో నెలల తరబడి ఆడిన స్పాంజి ఫిల్టరు ఉంటే, దాన్ని గుడ్లు వేయకముందే పిల్లల తొట్టిలోకి మార్చండి. నా మొత్తం పెంపకంలో ఇంతకు మించిన మందు నాకు కనబడలేదు. సీసాల్లో అమ్మే ప్రోబయాటిక్‌కు నేను అడ్డు చెప్పను, కానీ ఊరికే దొరికేదాన్ని వదిలి డబ్బు పెట్టి కొనడం దేనికి? ఆ స్పాంజిని కొళాయి కింద కడగకండి, క్లోరిన్ తగిలితే దాంట్లో ఉన్న బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. తొట్టి నీళ్ళలోనే నాలుగు సార్లు పిండండి, చాలు. చేపలు వదిలే అమ్మోనియాను మింగేవి కూడా ఆ స్పాంజిలోనే ఉంటాయి. మన ఎండలకు నీళ్ళు వేడెక్కేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుందని మరిచిపోవద్దు.

నీళ్ళు సగం పాత తొట్టివి, సగం క్లోరిన్ పోయేలా ఒక రోజు గాలికి ఉంచిన కొళాయి నీళ్ళు పోయండి. క్యాన్ నీళ్ళలో లవణాలు మరీ తక్కువ, పిల్లలకు పనికిరావు. రోజుకు పదో వంతో, అయిదో వంతో మార్చండి, అంతకు మించి వద్దు. గుడ్లకు బూజు పట్టకుండా మిథిలిన్ బ్లూ అనే నీలం మందు లేత నీలంగా వేసుకోవచ్చు, తెల్లబడిన గుడ్లను డ్రాపరుతో తీసేయండి. పిల్లలు రాగానే ఆ నీలం నీళ్ళు తగ్గించుకుంటూ రండి.

పచ్చసొన మీద నాకు కోపమే. ఒక భూతద్దం తీసుకుని ఉదయం వెలుతురులో నీటి పైభాగాన్ని పక్క నుంచి చూడండి. పచ్చసొన వేసిన తొట్టిలో సన్నటి జిడ్డు పొర కనబడుతుంది, దాని కిందే బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. పిల్ల మొదటిసారి ఈదడానికి పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి ఈత తిత్తి నింపుకోవాలి. ఆ పొర అడ్డం పడితే నింపుకోలేక అడుగునే పొర్లుతుంది. మీరు చెప్పిన "అడుగున పడి ఉంటున్నాయి"లో కొంత వాటా దీనిదే అయ్యుండాలి. బదులుగా, ఎండిన అరటాకు ముక్కో, క్యాబేజీ ఆకో పాత తొట్టి నీళ్ళలో కొన్ని రోజులు నాననిచ్చి ఆ నీళ్ళలో పెరిగే ఇన్ఫ్యుసోరియాను (కంటికి ఆనని సన్నటి జీవులను) చుక్కలుగా వేయండి. అదే భూతద్దంలో పిల్ల గాజులా ఉంటుంది, తిన్నదైతే పొట్టలో బూడిదరంగు గీత కనబడుతుంది. కాస్త పెరిగాక ఆర్టీమియా (అప్పుడే పొదిగిన ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటి జీవులు) పెట్టండి, అప్పుడు గీత నారింజరంగులోకి మారుతుంది. ఆర్టీమియా పొదిగిన ఉప్పునీళ్ళు తొట్టిలోకి రానివ్వకండి, అందులో రోగాలు తెచ్చే విబ్రియో రకం బ్యాక్టీరియా బాగా పెరిగి ఉండవచ్చు. పల్చటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్ళతో కడిగి వేయాలి.

ఇప్పుడు మిగిలి ఉన్న పిల్లలకు ఇవాళే టెట్రాసైక్లిన్ ఆపండి. నీళ్ళన్నీ ఒక్కసారిగా మార్చకుండా రోజుకు కొంచెం చొప్పున పాత తొట్టి నీళ్ళు కలుపుతూ రండి. పెద్ద తొట్టిలో ఏ చేపకైనా ఎర్ర మచ్చలో, పుండ్లో ఉంటే మాత్రం ఆ స్పాంజి, ఆ నీళ్ళు తేవద్దు. ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఉన్న స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకోండి.