పొగ కక్కే ఇంజిన్‌ను మార్చే ముందు ప్రొపెల్లర్‌ను కొలవండి

120 హెచ్‌పీ ఇంజిన్ నల్లపొగ వదులుతోంది, బోటుకు వేగం రావడం లేదు, 160ది పెట్టించాలా అని అడిగారు. వద్దు. ముందు నీళ్ళ కింద తిరిగే ఆ ఇత్తడి రెక్కల సంగతి చూడండి.

నాది కళింగపట్నం. పదకొండేళ్ళు వెరావల్‌లో, ఆ తర్వాత విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజిన్ల దగ్గరే గడిపాను. నూట తొంభై కిలోమీటర్లకు పైగా తీరం ఉన్న జిల్లా నుంచి ట్రాలర్ పని కోసం గుజరాత్ రైలెక్కడం ఏమిటో అనుకుంటూనే ఎక్కాను. ఆ కథ ఇప్పుడు వద్దు.

విశాఖలో నేను పనిచేసిన బోటుది అచ్చం మీ రోగమే. 1800 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) రావలసిన ఇంజిన్ సముద్రంలో 1650 దాటేది కాదు. మెకానిక్ ఇంజెక్టర్లు మార్చాడు, పంపు విప్పాడు, టర్బో అన్నాడు. ప్రతిసారీ జెట్టీ దగ్గర న్యూట్రల్‌లో రేజ్ చేసి, ముల్లు 1800 దాటగానే ‘చూశారా’ అనేవాడు. న్యూట్రల్‌లో ఉన్న ఇంజిన్ చుట్టాలింటికి వెళ్ళిన పిల్లాడు, బుద్ధిగానే ఉంటుంది. బరువు మోసేటప్పుడు చూడాలి.

చివరికి మా మావయ్య ప్రొపెల్లర్ ఊడదీయించాడు. “మావయ్యా, దీని మీద పిచ్ 24 అని కొట్టే ఉంది కదా” అన్నాను. పిచ్ అంటే ఒక పూర్తి చుట్టులో రెక్క మరలా ముందుకు సాగే దూరం, అంగుళాల్లో.

“అది పుట్టినప్పటి నంబరురా. తర్వాత ఎన్ని దెబ్బలు తిన్నదో ఎవడికి తెలుసు?”

దాన్ని సిమెంటు నేల మీద బోర్లించి, చుట్టూ సుద్దతో వలయం గీసి, గడియారంలా పన్నెండు గుర్తులు పెట్టాడు. ఒక గంట గుర్తు నుంచి పక్క గుర్తుకు వచ్చేసరికి రెక్క ఎత్తు రెండుంపావు అంగుళాలు మారింది. పన్నెండుతో గుణిస్తే 27. రెండో రెక్క 26, మూడోది ఇరవై ఆరున్నర. పిచ్ ఎక్కువైతే ఒక్కో చుట్టుకూ ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది, చుట్లు అందవు, డీజిల్ పూర్తిగా కాలక నల్లపొగ వస్తుంది. ఎప్పుడో దేనికో తగిలి వంగితే, రిపేరు షాపులో కంటి లెక్కతో సుత్తి వేశారు. బోటు వెనక భాగం ఎప్పుడూ వణికేది; మూడు రెక్కలూ మూడు లెక్కల్లో ఉండటం వల్లేనని కూడా అప్పుడే తెలిసింది.

మూడింటినీ 24కి సరిచేయించి, ఐసు, డీజిల్ నింపుకుని బయలుదేరాం. ముల్లు 1800 తాకింది, పొగ పలచబడింది. ఇంజెక్టర్ల డబ్బు మాత్రం యజమానికి తిరిగి రాలేదు.

ఇక 160 సంగతి. ప్రొపెల్లర్ అడిగే శక్తి దాని చుట్ల వేగానికి ఘనంలో పెరుగుతుంది. మూడో వంతు శక్తి కలిపితే చుట్లు పెరిగేది పదో వంతే, అదీ ప్రొపెల్లర్, గేరు సరిగ్గా కుదిరితే. బోటు వేగం అంత కూడా పెరగదు. ట్రాలర్ పొట్ట నీటిని తోసుకుంటూ పోయేదే కాబట్టి ఒక హద్దు దగ్గర అల ఎదురు నిలుస్తుంది. డీజిల్ మాత్రం మూడో వంతు ఎక్కువ తాగుతుంది. ఈ లెక్క ఇంజిన్లు అమ్మేవాడు మీకు చెప్పడు.

నా అనుభవంలో పదింట తొమ్మిది పొగ కేసులు పిచ్ ఎక్కువై వచ్చినవో, అడుగున నత్తగుల్లలు పట్టి వచ్చినవో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో బోటు ఎలాగూ ఒడ్డెక్కుతుంది. అప్పుడే అడుగు గీకించి, మూడు రెక్కలూ మీ కళ్ళ ముందు కొలిపించండి. ఆ రెండు నెలలూ షాపులు కిటకిటలాడతాయి కాబట్టి మార్చిలోనే మాట్లాడుకోండి.