స్టిక్కర్ మీద 850 వాట్లు, లోపల మాత్రం... (చేతి మిషన్ల మీద మీ ప్రశ్నలకి జవాబులు)

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే గోలండి, కొన్న మిషన్ ఏడాది తిరక్కుండానే కాలిపోతోంది అని. అందుకే ఈసారి నీళ్ళ మోటార్లు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు పక్కన పెట్టి మొత్తం గ్రైండర్లూ డ్రిల్లుల మీదే రాస్తున్నాను. పవర్ టిల్లర్ బెల్టు గురించి అడిగిన ఇద్దరూ వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: గురువు గారూ, రాజోలు దగ్గర వడ్రంగం చేస్తానండి, తలుపులు కిటికీలు ఎక్కువ. పన్నెండేళ్ళ కింద కొన్న నాలుగంగుళాల గ్రైండర్ ఇప్పటికీ తిరుగుతోంది, కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) మార్చడం తప్ప దానికి పెట్టిన ఖర్చు లేదు. సంక్రాంతి ముందు పని ఎక్కువై ఇంకోటి కొన్నాను, 1,150 రూపాయలు, దాని మీద 850 వాట్లు అని ఉంది, పాతదాని మీద 600 అనే ఉంది. కొత్తది ఐదు నెలలకే పొగొచ్చి ఆగిపోయింది. ఎక్కువ వాట్లున్నది ముందు పోవడమేంటండి? ఇప్పుడొచ్చే సరుకంతా ఇంతేనా?

జవాబు: మేస్త్రీ గారూ, ముందు ఆ వాట్ల సంగతి తేల్చుకుందాం. స్టిక్కర్ మీద రాసే వాట్లు మిషన్ కరెంటు దగ్గర ఎంత తీసుకుంటదో చెప్పే లెక్క, చక్రం దగ్గర ఎంత బలం ఇస్తదో కాదు. తీసుకున్నదాంట్లో కొంత వేడిగా పోద్ది. 850 వాట్లంటే మన 230 వోల్టుల దగ్గర సుమారు 3.7 ఆంపియర్లు లాగాలి, అంత కరెంటు గంటల తరబడి మొయ్యాలంటే లోపల తీగ అంత లావుండాలి, తీగ చుట్టే ఇనప రేకుల (లామినేషన్) దొంతర అంత పొడవుండాలి. నా దగ్గరికి కాలిపోయి వచ్చే వాటిని విప్పి, పాత 600 వాట్ల ఆర్మేచర్ (మోటార్ లో తీగ చుట్టి ఉండి తిరిగే భాగం) పక్కన ఈ 850 వాట్ల ఆర్మేచర్ పెడితే కొత్తదే పొట్టిగా కనపడుద్ది, కొన్నింట్లో చిటికెన వేలు మందం తేడా. అంటే ఆ నంబరు మోటార్ ని చూసి రాసింది కాదండి, పక్క షాపులో డబ్బా మీద ఎంతుందో చూసి దానికన్నా ఎక్కువ రాసింది.

ఇక తీగ. రాగికి బదులు అల్యూమినియం తీగ చుట్టినవి వస్తున్నాయి, అదే లావు తీగలో అల్యూమినియం రాగి కన్నా దాదాపు 1.6 రెట్లు ఎక్కువ అడ్డు పెడుద్ది కరెంటుకి, అంటే అదే పనికి వేడి అంత ఎక్కువ. పైగా కమ్యూటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల రింగు) దగ్గర తీగ కొస పట్టుకునే చోట వేడికి సాగీ ముడుచుకునీ పట్టు వదిలేస్తది. పైన ఎనామిల్ పూత రాగి రంగులోనే ఉంటది కాబట్టి కంటికి తెలీదు. కొంతమంది బ్లేడుతో గోకి చూడమని చెప్తున్నారు, కొత్త మిషన్ మీద ఆ పని చెయ్యకండి, ఎనామిల్ లేచిన చోటే రేపు షార్ట్ అవుద్ది. చేత్తో పట్టుకుని బరువు చూడండి చాలు. రాగి అల్యూమినియం కన్నా మూడు రెట్లకి పైగా బరువు, ఒకే సైజు మిషన్లు రెండు చేతుల్లో రెండు పెట్టుకుంటే కొంత తేడా తెలిసిపోద్ది.

కానీ నన్నడిగితే తీగ కంటే వార్నిష్ లో చేసే మోసం పెద్దది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుద్ది, ఆ విసురుకి చుట్టిన తీగలు బయటికి లేవాలని చూస్తాయి, వాటిని కదలకుండా పట్టి ఉంచేది వార్నిషే. ఆర్మేచర్ ని వార్నిష్ లో బాగా నాననిచ్చి వేడిలో ఆరబెడితే తీగలన్నీ కలిసి రాయిలా అవుతాయి. అదంతా టైము పట్టే పని, కరెంటు ఖర్చు. చవక సరుకులో పైపైన ఓ పూత పూసి వదిలేస్తారు, తీగలు ఒకదానికొకటి రాసుకుని రాసుకుని నాలుగో నెలలోనో ఐదో నెలలోనో లోపల షార్ట్. మీది అదే అయ్యుంటది. కాలిపోయే ముందు కార్బన్ల దగ్గర నిప్పు ఎలా ఉందో గుర్తుందా? చిన్న నీలం మెరుపులు మామూలే, కమ్యూటేటర్ చుట్టూ రింగులా నిప్పు తిరిగిందంటే ఆర్మేచర్ షార్ట్ అని అర్థం, అప్పటికప్పుడు ఆపేస్తే కనీసం ఫీల్డ్ కాయిల్ (చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్ట) మిగులుద్ది. మీ చెక్క పొడి కూడా తక్కువది కాదండోయ్, ఫ్యాను ఆ నూకంతా లోపలికి లాక్కుంటది, సరైన వార్నిష్ లేని తీగ మీద అది ఇసక కాగితంలా పని చేస్తది.

బేరింగ్ ఉండాల్సిన చోట బుష్ (వట్టి లోహపు గొట్టం) పెట్టడం, గేరుకి గ్రీజు అద్దీ అద్దనట్టు రాయడం, స్విచ్ లో పల్చటి రేకు, ఇవన్నీ కూడా ఉన్నాయి కానీ అవి వందా రెండొందల్లో బాగుచేసుకునేవి.

సరుకంతా ఇంతేనా అంటే కాదండి. చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలో యోంగ్‌కాంగ్ అనే ఊరు హార్డ్‌వేర్ సామాన్లకి పెట్టింది పేరు, అలాంటి చోట్ల ఒకే ఫ్యాక్టరీ పది పేర్లకి మిషన్లు చేసిస్తది. ఎంతలో కావాలి అని అడిగి దానికి తగ్గట్టు లోపల పెడతారు, మంచిది కావాలంటే మంచిదే చేస్తారు. మనవాళ్ళు అక్కడ బేరమాడి తెచ్చేదే తక్కువ రకం. నా పాత బిల్లు పుస్తకాల్లో చూస్తే పదేళ్ళ కింద చిన్న కంపెనీ గ్రైండర్ రేటూ ఇప్పటి రేటూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి, ఈలోపు రాగి పెరిగింది, ఇనుము పెరిగింది, కిరాయి పెరిగింది, మరి ఆ తేడా ఎక్కణ్ణుంచో రావాలి కదా. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, అప్పుడూ చెత్త వచ్చేది. రెండు నెలల్లో పోయినవి మనం పాత ఇనుముకి వేసేసి మర్చిపోయాం, బతికున్న ఒక్కటీ మీ చేతిలో ఉంది కాబట్టి ఆ కాలమంతా బంగారంలా కనిపిస్తోంది.

ఈసారి కొనేటప్పుడు షాపతన్ని వాట్లు అడక్కండి. "దీని ఆర్మేచర్, కార్బన్లు నీ దగ్గరున్నాయా, చూపించు" అనండి. బల్ల కింద నుంచి తీసి చూపించాడా, కొనండి. తెప్పిస్తాను అన్నాడా, మీరు వచ్చేయండి. కొన్నాక మొదటిరోజు ఐదు నిమిషాలు ఏ బరువూ పెట్టకుండా తిప్పండి, కార్బన్లు కమ్యూటేటర్ ఒంపుకి అరిగి కూర్చుంటాయి. గట్టి కోత అయ్యాక వెంటనే ఆపకుండా ఓ అరనిమిషం ఊరికే తిరగనివ్వండి, దాని ఫ్యానే దాన్ని చల్లారుస్తది.

అన్నట్టు మీరు గ్రైండర్ కి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించట్లేదు కదా? మన కోనసీమలో సగం మంది వడ్రంగులు గార్డు పీకేసి అదే చేస్తారు. పన్ను కొయ్యలో ఇరుక్కుంటే గ్రైండర్ వెనక్కి మీ మీదకే ఎగురుద్ది. దయచేసి వద్దు.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర వెల్డింగ్ షాపు సార్. ఏరియేటర్ ఫ్రేములు చెరువు గట్టు మీదే చేస్తాం. మంచి కంపెనీ గ్రైండర్లే వాడుతున్నా ఏడాదికి రెండు ఆర్మేచర్లు పోతున్నాయి. డూప్లికేట్ సరుకేమో అని అనుమానం.

జవాబు: డూప్లికేట్ అయ్యుండొచ్చు కానీ ముందు మీ వైరు చూడండి. గట్టు మీదకి కరెంటు ఎంత దూరం నుంచి లాగుతున్నారు? 40 మీటర్ల వైరంటే పోనూ రానూ 80 మీటర్లు. అరమిల్లీ (చదరపు మిల్లీమీటర్ల లెక్క) రాగి పూత వేసిన అల్యూమినియం వైరు అయితే ఆరు ఆంపియర్ల దగ్గర పాతిక వోల్టుల పైన అక్కడే తినేస్తది. దానికి తోడు సాయంత్రం పూట చుట్టుపక్కల చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆన్ అవుతాయి, లైనులోనే 210 ఉంటది, మీ గ్రైండర్ దగ్గరికొచ్చేసరికి 185. అప్పుడు మిషన్ బలం దాదాపు మూడో వంతు పోయినట్టే, మీ కుర్రాడేమో చక్రం ఆగుతోందని ఇంకా గట్టిగా నొక్కుతాడు, స్పీడు పడిపోతే ఫ్యాను గాలి తగ్గుద్ది, కరెంటు ఎక్కువ లాగుద్ది, కాలిపోద్ది. దీనికి కంపెనీని తిట్టి లాభం లేదు. ఐఎస్ఐ గుర్తున్న రెండున్నర మిల్లీ రాగి వైరు వెయ్యండి, ఖరీదే, కానీ రెండు మూడు ఆర్మేచర్ల డబ్బుతో వచ్చేస్తది. తడి గట్టు మీద పని కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి, ఇది మిషన్ కోసం కాదు, మీ కుర్రాడి కోసం.

ఉప్పు గాలి కూడా ఉంది మీకు. రాత్రి మిషన్లు గట్టు మీద షెడ్డులో వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నానండి. మా ఆయనకి పుట్టినరోజుకి ఆన్‌లైన్ లో బ్యాటరీ డ్రిల్ కొన్నాను. 48 వోల్టులు అని రాసుంది. మా తమ్ముడి దగ్గర 18 వోల్టులది ఉంది, అదే దీనికన్నా గట్టిగా గోడ తొలుస్తోంది. నేను మోసపోయానా?

జవాబు: మోసపోయారమ్మా, కానీ మీ ఒక్కరే కాదు. ఆ బ్యాటరీ లోపల చేతి వేలంత లిథియం సెల్స్ ఉంటాయి, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, అందుకే వాటిని 18650 అంటారు. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, ఫుల్ ఛార్జి అయితే 4.2. ఐదు వరసగా కలిపితే మామూలు లెక్క 18, ఫుల్ ఛార్జి లెక్క 21. అంటే ఒక డబ్బా మీద 18, ఇంకో డబ్బా మీద 20 అనో 21 అనో రాసినా లోపల సరుకు అదే ఐదు సెల్స్. ఇంతవరకు అబద్ధం లేదు. మరి 48, 88, 128 అని పెద్దక్షరాలతో వేసేవి చాలావరకు ఉత్త స్టిక్కరే, విప్పితే అవే ఐదు. నిజంగా 48 రావాలంటే పదమూడు సెల్స్ దాకా వరసగా కావాలి, ఒక్కో సెల్ సుమారు 45 గ్రాములు, అంటే వట్టి సెల్స్ బరువే దాదాపు ఆరొందల గ్రాములు. కూరగాయల త్రాసు మీద మీ బ్యాటరీ పెట్టి చూడండి, పావుకిలో కొంచెం అటూ ఇటూ తూగితే విషయం తేలిపోయినట్టే. తిప్పి పంపే గడువు ఉంటే త్రాసుతో సహా ఫోటో తీసి పంపేయండి. గడువు దాటిపోతే ఇంట్లో ఫొటోలు తగిలించుకోడానికి, మంచాలు బిగించడానికి అది చాలు, మీ ఆయన్ని కాంక్రీటు స్లాబు మీద మాత్రం ప్రయోగం చెయ్యొద్దని చెప్పండి.

ప్రశ్న: కటింగ్ వీల్ కి కూడా ఎక్స్‌పైరీ ఉంటదా? షాపువాడు నవ్వుతున్నాడు. (పాలకొల్లు)

జవాబు: ఉంటది. మధ్యలో బొక్క చుట్టూ ఉన్న ఇనప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, తయారైన దగ్గర్నుంచి మూడేళ్ళు. వీల్ లో కోసే గరుకు గింజల్ని పట్టి ఉంచేది రెసిన్ బంక, చెమ్మకి అది బలం తగ్గుద్ది, మన దగ్గర చెమ్మ సంగతి చెప్పక్కర్లేదు. దాంతోపాటు మీద రాసిన, నిమిషానికి గరిష్ఠంగా తిరగదగ్గ చుట్ల లెక్క కూడా చూడండి, నాలుగంగుళాల వీల్ మీద సుమారు 15,300 ఉంటది, ఏడంగుళాల దాని మీద 8,500 చిల్లర. నాలుగంగుళాల గ్రైండర్ తిరిగేది 11,000. గార్డు తీసేసి పెద్ద వీల్ తగిలిస్తే ఏమవుద్దో ఈ లెక్కే చెప్తోంది. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి.

ప్రశ్న: మార్బుల్ కట్టర్ ఆరు నెలల వారంటీలో పోయింది. షాపువాళ్ళేమో మీరు సొంతింటికి కాకుండా కూలి పనికి వాడారు, ఇది కమర్షియల్ వాడకం, వారంటీ రాదు, కన్స్యూమర్ కోర్టుకీ వెళ్ళలేవు అంటున్నారు. టైల్స్ పనివాణ్ణి, టైల్స్ కాక ఇంకేం కోస్తానండి? (ముమ్మిడివరం)

జవాబు: రెండు వేరు వేరు సంగతులు కలిపేసి మిమ్మల్ని భయపెడుతున్నారు. వారంటీ కార్డులో ఆ షరతు నిజంగా ఉందో లేదో ముందు చదవండి, చిన్నక్షరాల్లో ఉంటది. కోర్టు మాట మాత్రం అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్ళు వినియోగదారులు కారు అని ఉన్న మాట నిజమే, కానీ దాని కిందే వివరణ ఉంది, తన బతుకుతెరువు కోసం, తానే స్వయంగా పని చేసుకోడానికి కొన్న వస్తువు ఆ లెక్కలోకి రాదు అని. మీరు అచ్చంగా అదే. కట్టర్లు పది కొని పదిమందికి అద్దెకిస్తే వేరే సంగతి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, డబ్బులేం తీసుకోరు, చాలాసార్లు అక్కడితోనే షాపువాళ్ళు దిగొస్తారు. దిగి రాకపోతే మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్ లో వేసుకోవచ్చు, కంపెనీ ఉన్న ఊరు వెళ్ళక్కర్లేదు, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. బిల్లు ఉందా? అది లేకపోతే కష్టం. బిల్లు లేకుండా వంద తగ్గిస్తాను అన్న బేరం మీరు ఒప్పుకుని ఉండకూడదని కోరుకుంటున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన ఇనప బాడీ డ్రిల్ ఉందండి, ముప్పై ఏళ్ళ పైదే. ఇప్పటి ప్లాస్టిక్ వాటికన్నా అదే నయమని వాడదామనుకుంటున్నాను. (నరసాపురం)

జవాబు: వాడండి, కానీ ఈరోజు కాదు. ఇప్పటి ప్లాస్టిక్ మిషన్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటది, రెండు వరసల ఇన్సులేషన్ అని, అందుకే వాటికి రెండు పిన్నుల ప్లగ్గు సరిపోద్ది. మీ పాతదానికి ఆ గుర్తు లేకపోతే ఎర్త్ తప్పనిసరి. నేను చూసిన పాత డ్రిల్లుల్లో చాలా వాటికి ఎప్పుడో మూడు పిన్నుల ప్లగ్గు విరిగిపోతే రెండు పిన్నులది వేసేసి, ఎర్త్ వైరు లోపలే కత్తిరించి వదిలేశారు. ముందు విప్పించి మూడు కోర్ల వైరు వేయించండి, ఎర్త్ ని బాడీకి స్క్రూతో బిగించమనండి. ఎండిపోయిన గ్రీజు కిరసనాయిలుతో కడిగించి కొత్తది పెట్టించండి. తర్వాత వైండింగ్ షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) తో చూపించండి. రీడింగ్ తక్కువ వస్తే కంగారు పడకండి, ఇన్నేళ్ళు అటక మీద చెమ్మ పట్టి ఉంటది, రెండు రోజులు ఎండలో పెట్టి మళ్ళీ చూపించండి. అప్పటికీ పెరక్కపోతే తీగ చుట్టించడమే, లావు రాగి తీగ చుట్టమని, వార్నిష్ లో బాగా నానబెట్టమని దగ్గరుండి చెప్పండి.