గ్రనాడాకి వెళ్ళే ముందు

చిరంజీవి శ్రావణికి, ఆశీస్సులు.

మూడు రోజుల సెలవులో స్పెయిన్‌లోని సెవియా, కొర్దొబా, గ్రనాడా అన్నీ చుట్టేద్దామనే ఆలోచన మానుకోండి. రైళ్ళలోనే సగం సెలవు పోతుంది. గ్రనాడా ఒక్కటే పెట్టుకోండి. అదైనా అక్కడి పాత కోట, రాజభవనాలూ తోటలూ ఉన్న అల్‌హంబ్రా టికెట్ చేతికొచ్చాకే హోటలూ రైలూ బుక్ చెయ్యి. సీజన్‌లో ఆ టికెట్లు వారాల ముందే అయిపోతాయి.

అధికారిక వెబ్‌సైట్‌లో ‘జనరల్’ టికెట్ తీసుకో. తోటల టికెట్ చవకే గానీ దాంతో నస్రిద్ రాజభవనాల్లోకి పోనివ్వరు, అసలు చూడాల్సింది అవే. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టు. మనవాళ్ళకి ఇంటిపేరు దగ్గరే తిరకాసు వస్తుంది. అల్లుడుగారి ఇంటిపేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా ఉండాలి. ఆ రోజు అసలు పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి.

టికెట్ మీద ఉండే టైము రాజభవనాలది. ఆ టైము నుంచి అరగంట దాటితే లోపలికి రానివ్వరు, బతిమాలినా లాభం లేదు. పొద్దున తొమ్మిదిన్నర, పది ప్రాంతంలో పెట్టుకుంటే ఎనిమిదిన్నరకే గేటు దాటి, పక్కనే ఉన్న అల్‌కసాబా కోట ముందు చూసెయ్యొచ్చు. హెనెరాలీఫె తోటలు చివరికి ఉంచండి. అవి అటు చివర ఉన్నాయి, నడక పావుగంట పైనే. ముందు అక్కడికి పోయి టైము తప్పించుకునేవాళ్ళే ఎక్కువ.

రాజభవనాల లోపలికి వెళ్ళాక తొందరపెట్టేవాళ్ళుండరు, కానీ బయటికొస్తే మళ్ళీ పంపరు. సింహాల ముంగిట్లో 12 పాలరాతి సింహాల చుట్టూ ఫొటోల గోల ఎక్కువ. దాని పక్కనున్న ‘ఇద్దరు అక్కచెల్లెళ్ళ గది’లో మధ్యలో నిలబడి తలెత్తి చూడు. తేనెపట్టులా గూళ్ళు గూళ్ళుగా చెక్కిన గచ్చుపని కప్పంతా పరుచుకుని ఉంటుంది.

ఇక తిండి. గ్రనాడా బార్లలో ఒక డ్రింక్ చెబితే చిన్న పళ్ళెంలో ‘తాపా’ అనే చిరుతిండి ఊరికే వస్తుంది. మద్యమే కానక్కర్లేదు, మోస్తో అనే ద్రాక్షరసం చెప్పినా చాలాచోట్ల ఇస్తారు. ఏమివ్వాలో మామూలుగా వంటింటి ఇష్టం, కాబట్టి శాకాహారివైన నువ్వు డ్రింక్ చెప్పేటప్పుడే చెప్పాలి. ‘సిన్ కార్నే’ (మాంసం లేకుండా) అంటే సరిపోదు, హామ్ అనే పంది మాంసం ముక్కలూ ట్యూనా చేపా వాళ్ళ లెక్కలో మాంసం కాకపోవచ్చు. ‘ని కార్నే, ని హమోన్, ని పెస్కాదో’ (మాంసం, హామ్, చేప ఏదీ వద్దు) అని మూడూ కలిపి చెప్పు. వంకాయ వేపుడు మీద చెరుకుపాకం పోసిచ్చే ‘బెరెన్‌హేనాస్ కోన్ మియెల్’ నీకు బాగుంటుంది. సల్మొరెహో అనే టమాటా చల్లసూప్ పైన హామ్ చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. గుడ్డు తింటావు కాబట్టి బంగాళాదుంప ‘తోర్తియా’ (ఆమ్లెట్) సరే. ‘తోర్తియా దెల్ సాక్రొమోంతె’ జోలికి మాత్రం పోకు, సంప్రదాయంగా అందులో మెదడు, వృషణాలు వేస్తారు. అల్లుడుగారికీ ఈ సంగతి చెప్పే పెట్టించు.

భోజనం మధ్యాహ్నం ఒకటిన్నర తర్వాత, రాత్రి ఎనిమిదిన్నర దాటాక. మధ్యలో చాలా వంటిళ్ళు మూసేస్తారు, సంచిలో బిస్కెట్లుండాలి.

బస ఊరి మధ్యలోని ప్లాసా నుయేవా కూడలి దగ్గర చూసుకో. కొండ మీది పాతపేట అల్బైసిన్ పైన ఇళ్ళు అందంగా ఉంటాయి గానీ గులకరాళ్ళు పరిచిన ఎత్తు సందుల్లో చక్రాల పెట్టె లాగలేరు. అల్‌హంబ్రా ఎదురుగా కనిపించే సాన్ నికొలాస్ దగ్గరికి సూర్యాస్తమయానికి గంట ముందే సీ31 బస్సులో వెళ్ళండి, గుంపులో సంచి ముందుకి వేసుకోండి. కెథీడ్రల్ దగ్గర ఎవరైనా రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టబోతే తీసుకోకండి, తీసుకుంటే డబ్బులడుగుతారు.

మీ పెద్దమ్మ